200 గజాల్లో ఒక రింగ్

2023 జూన్ 13, మంగళవారం. బడులు తెరిచిన మర్నాడు. బూట్లు కూడా వేసుకుని, హైదరాబాద్ సరూర్‌నగర్‌లో మా ఇంటి వరండాలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అమెరికాలో అప్పటికింకా సోమవారం రాత్రే. డెన్వర్ నగ్గెట్స్ 94, మయామి హీట్ 89. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో చేరాక 47వ సీజన్‌లో డెన్వర్‌కు దక్కిన మొదటి కప్పు అది. ఆ ఆటలో 28 పాయింట్లు, 16 రీబౌండ్లు తీసిన నికోలా యోకిచ్ ఎగరలేదు, గంతులెయ్యలేదు. ఓడిన జట్టువాళ్లకు చెయ్యి కలుపుతూ నిలబడ్డాడు. బడికి టైమవుతోందని ఇంట్లోంచి రెండుసార్లు పిలిచారు. లేవలేకపోయాను. చాలా ఏళ్ల కిందటి ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు కళ్లముందుకొచ్చాడు.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రైవేటు బళ్లలో 26 ఏళ్లుగా పీఈటీని నేను. ఆ పిల్లాడు లావుగా ఉండేవాడు. రెండో రౌండుకే ఆయాసపడేవాడు. కానీ బోర్డు కింద బంతి చేతికందిందంటే ఎటో చూస్తూ ఇంకెటో పాస్ ఇచ్చేవాడు. అందుకోవలసినవాడు తల తిప్పేలోపు బంతి వాడి ఛాతీ ముందుకొచ్చి ఉండేది. అది నేను నేర్పింది కాదు. టీమ్ సెలక్షన్ రోజు అందరితో గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టించాను. వెనకబడ్డ నలుగురినీ పక్కకు తీశాను. వాడు దగ్గరికొచ్చి, "ఉరకలేను గానీ ఆడ్తా సార్" అన్నాడు. "పొట్ట తగ్గినంక రా, చూద్దాం" అన్నాను. వాడు మళ్లీ రాలేదు. తొమ్మిదో తరగతిలో ఫౌండేషన్ సెక్షన్‌లో వేశారు. ఆ సెక్షన్‌కు గేమ్స్ పీరియడ్ లేదు. సెక్షన్ మార్చింది బడి, కానీ అంతకుముందే వాణ్ని కోర్టు దాటించింది నేను.

యోకిచ్ పుట్టింది 1995లో, సెర్బియా ఉత్తరాన సోంబోర్ అనే చిన్న ఊళ్లో. తండ్రి వ్యవసాయ ఇంజనీరు. అన్నలిద్దరూ బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లే. ఇతనికి గుర్రాలంటే ప్రాణం. ఇప్పటికీ సీజన్ అయిపోతే ఊరెళ్లి గుర్రపు పందేల దగ్గరే తేలుతాడు. చిన్నప్పుడు రోజుకు మూడు లీటర్ల కూల్‌డ్రింక్ తాగేవాణ్నని తనే చెప్పుకున్నాడు. జూనియర్ లీగ్‌లో అతని అంకెలు పత్రికలో చూసి మిష్కో రజ్నాతోవిచ్ అనే ఏజెంట్ ఆరా తీశాడు. అలా 17 ఏళ్ల వయసులో బెల్‌గ్రేడ్‌లోని మెగా క్లబ్బుకు చేరాడు. వచ్చినవాడు ఒక్క పుషప్ కూడా సరిగా తియ్యలేని పిల్లాడు. నా సెలక్షన్ అయితే మొదటి పావుగంటలోనే ఇంటికి పంపేసేవాణ్ని.

మెగా కోచ్ దెయాన్ మిలోయెవిచ్ పంపలేదు. ఒళ్లు గట్టిపడేదాకా ఓపిక పట్టి ఆ తర్వాతే ఆటలోకి దింపాడు. తనూ బోర్డు కింద ఆడి పెద్దవాడైన మనిషే. అడ్రియాటిక్ లీగ్‌లో మూడుసార్లు ఉత్తమ ఆటగాడు. 2024 జనవరిలో, 46 ఏళ్లకే చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు మా పిల్లలకు ఆయన గురించి చెప్పాను. పేరు పలకడం రాక ఇబ్బంది పడ్డారు గానీ, ఓపిక పట్టిన కోచ్ అనేది మాత్రం అర్థమైంది.

ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే 2014 డ్రాఫ్ట్‌లో డెన్వర్ యోకిచ్‌ను 41వ వాడిగా తీసుకుంది. ఆ పేరు వచ్చిన సమయానికి అమెరికా టీవీలో ఏదో తిండి ప్రకటన నడుస్తోంది. అతను ఇంట్లో నిద్రపోతున్నాడు. అన్న న్యూయార్క్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఇంకో ఏడాది మెగాలోనే ఆడి, 2015లో డెన్వర్ వెళ్లాడు. 2021, 2022, 2024లో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అంత వెనక ఎంపికై ఆ గౌరవం అందుకున్నవాడు ఇంకొకడు లేడు. ఒలింపిక్స్‌లో సెర్బియా జట్టుతో 2016 రియోలో రజతం, 2024 పారిస్‌లో కాంస్యం.

ఇప్పటికీ అతను వేగంగా పరిగెత్తడు. ఎత్తుగా ఎగరడు. బంతి గాల్లో ఉండగానే పదిమందిలో ఎవరు ఎటు కదలబోతున్నారో చూసి ఉంటాడు. 2024–25 సీజన్‌లో ఆటకు సగటున 10.2 అసిస్టులు (బుట్టకు దారితీసిన పాస్‌లు) ఇచ్చాడు, అదీ బోర్డు కింద ఆడే 211 సెంటీమీటర్ల సెంటర్! పిల్లలకు కాళ్లలో వేగం పదమూడు, పద్నాలుగేళ్లకే తెలుస్తుంది. చూపు అలా కాదు. వేల ఆటలు ఆడితే తప్ప పండదు. నేనూ, నాలాంటి పీఈటీలూ పదమూడేళ్లప్పుడు కనిపించేదాన్ని మాత్రమే కొలిచి ఎంపిక ముగిస్తున్నాం. చూపు పండే వయసుకు బళ్లు ఆటే లేకుండా చేస్తున్నాయి.

సాయంత్రం అయిదింటికి చైతన్యపురి మెట్రో కింద నిలబడి చూడండి. వీపున బ్యాగు, చేతిలో సమోసా, ఒక కోచింగ్ నుంచి ఇంకో కోచింగ్‌కు నడిచే పిల్లలు. వాళ్ల అమ్మానాన్నల్ని నేను తప్పుపట్టను. నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చి, రెండు గదుల్లో అద్దెకుండి ఫీజులు కట్టేవాళ్లు వాళ్లు. "ఆడితే సర్టిఫికెట్ వస్తదా సార్? స్పోర్ట్స్ కోటాలో సీటొస్తదా?" అని అడుగుతారు. చాలామందికి రాదనే చెబుతాను. అబద్ధం చెప్పి ఆడించడం నాకు నచ్చదు. ఆట పిల్లలకు సీటు కోసమే కావాలా? అన్నం దేనికోసం పెడుతున్నామో అడిగామా?

మళ్లీ యోకిచ్ దేశానికొస్తే, సెర్బియా జనాభా 70 లక్షలకు తక్కువ. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, బెల్‌గ్రేడ్‌లో సావా, డాన్యూబ్ నదులు కలిసేచోట ఉన్న కలెమెగ్దాన్ కోటలో, ఆరుబయలు కోర్టుల మీద రెడ్ స్టార్ జట్టు తయారైంది. 1946 నుంచి 1955 దాకా వరసగా పది యుగోస్లావియా టైటిళ్లు గెలిచింది. ఆ జట్టులో ఆడిన బోరా స్టాంకోవిచ్ చదివింది పశువైద్యం. తర్వాత ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘాన్నే నడిపాడు. మనమూ 2019లో మన దేశ జట్టుకు సెర్బియా నుంచి వెసెలిన్ మాటిచ్‌ను తెచ్చుకున్నాం. 2009లో ఇరాన్‌ను ఆసియా విజేతగా నిలిపిన కోచ్ ఆయన. కోచ్‌ను విమానంలో తెచ్చుకోవచ్చు. పదేళ్లపాటు కోర్టు వదలని పిల్లల్ని ఎక్కణ్నుంచి తెస్తాం?

స్థలం లేదంటారు. సరే, మనవాళ్లకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. ముగ్గురు ముగ్గురు ఆడే త్రీ బై త్రీ కోర్టు 15 మీటర్లు అడ్డం, 11 మీటర్లు నిడివి. గజాల్లో 200 కూడా కాదు. కర్మన్‌ఘాట్‌లో, వనస్థలిపురంలో మనం ఇల్లు కట్టుకునే ప్లాటంత. ఒక రింగ్, ఒక బోర్డు, పదడుగుల ఎత్తు. ఈ ఆట టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇందులో సెర్బియా మగవాళ్లు ఆరుసార్లు ప్రపంచకప్ గెలిచారు. వాళ్లలో పేరున్న దుషాన్ బులుత్‌ది నోవిసాద్, యోకిచ్ ఊరికి దగ్గరి నగరమే.

సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఉందిగా అంటారు. ఉంది, పోటీలకు పనికొస్తుంది. కొత్తపేట పిల్లాడు రోజూ సాయంత్రం ఒక్కడే విజయవాడ రోడ్డు దాటి అక్కడికి రాలేడు. పిల్లాడికి కావలసింది చెప్పులేసుకుని నడిచి వెళ్లే దూరంలో, తాళం లేని రింగ్. కార్పొరేషన్ ప్రతి కాలనీ పార్కులో ఒకటి పెట్టాలి. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు గేమ్స్ పీరియడ్ తియ్యకుండా విద్యాశాఖ చూడాలి. తీసేసిన బడిని నిలదీసి అడగాలి. ఇక పీఈటీలకు నా మాట ఒకటే. సెలక్షన్ రోజు రౌండ్లు కొట్టించే ముందు, పిల్లల్ని పది నిమిషాలు ఆడనిచ్చి, పక్కన నిలబడి ఊరికే చూడండి.

పోయిన ఆదివారం మా కాలనీ పార్కులో టేపు పట్టి కొలిచాను. అడ్డం సరిపోయింది. నిడివిలో మూలనున్న వేపచెట్టు గీత లోపలికి రెండడుగులు వస్తోంది. కాలనీ సంఘం పెద్దాయన చెట్టు కొట్టిద్దామా అన్నారు. చెట్టుండనివ్వండి, గీత జరుపుకుందాం అన్నాను. రింగ్ పోల్‌కు గుంత తవ్వే మనిషి గురువారం వస్తానన్నాడు.