యంత్రము తోడున్నను సారథి మానవుడే

ఆకాశమున సంచరించు వాహనములలో హెలికాప్టరు వలె మానవుని అవధానమును ఎడతెగక కోరునది మఱియొకటి కానరాదు. రెక్కల విమానము తగిన వేగముతో సమముగ సాగుచున్నప్పుడు, నడుపువాడు చేతులు తీసినను కొంతసేపు తన దారిని తాను పోగలదు. హెలికాప్టరున కట్టి స్వభావము లేదు. అది గాలిలో ఒకచోట కదలక నిలిచినట్లు క్రిందినుండి మనకు కనబడు వేళ, లోపల పైలటు కుడిచేతిలోని సైక్లిక్ కఱ్ఱ రోటరును ముందునకును వెనుకకును ప్రక్కలకును వెండ్రుకవాసి వంచుచుండును. ఎడమచేతి క్రింది కలెక్టివ్ ఎత్తునకు తగినట్లు రోటరు రెక్కల కోణమును మార్చుచుండును. రెండు పాదములును తోకరోటరును శాసించు పెడళ్లపై మెదలుచుండును. ఈ మూటిలో ఏ యొకటి కదలినను తక్కిన రెంటిని వెంటనే సవరింపవలసియుండును. మనము చూచు ఆ నిశ్చలత్వము యంత్రమునకు సహజమైనది కాదు. ఒక మనుష్యుడు క్షణక్షణమును శ్రమించి నిలుపుచున్నట్టిది.

ఆ శ్రమను తగ్గింపవలెనను ప్రయత్నము హెలికాప్టరుతో పాటే పుట్టినది. అమెరికాలో ఇగార్ సికోర్‌స్కీ తన వి.ఎస్.-300 అను హెలికాప్టరును 1939 సెప్టెంబరు 14న త్రాళ్లతో నేలకు కట్టియుంచియే తొలిసారి పైకి లేపెను. అచటనే ఆర్థర్ యంగ్ అను యంత్రనిర్మాత, ఇరుచివరల బరువులు గల ఒక కడ్డీని రోటరు క్రింద అడ్డముగ అమర్చి, అది తిరుగుచు తన తలమును తాను నిలుపుకొను గుణముచేతనే రోటరు తూలుడు కొంత సరిపడునట్లు చేసెను. 1946 మార్చి 8న పౌరవినియోగమునకు మొట్టమొదట అనుమతి పొందిన బెల్ 47 హెలికాప్టరు ఆ కడ్డీతోనే ఎగిరినది. పిదప ఆ కడ్డీ చేయుపనిని విద్యుత్పరికరములును, వాని పిమ్మట గణకయంత్రములును స్వీకరించినవి. ముక్కు ఎగదిగుటను, ప్రక్కకు ఒరుగుటను, దిశ మారుటను అదుపుచేయు మూడక్షముల ఆటోపైలటు వచ్చినది. కలెక్టివ్‌ను సైతము తానే కదపగల నాలుగక్షముల ఆటోపైలటు దాని పిదప వచ్చినది. 2022 ఫిబ్రవరి 5న కెంటకీ రాష్ట్రమందలి ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఒక బ్లాక్ హాక్ హెలికాప్టరు, లోపల ఒక్క మనుష్యుడైనను లేకయే అరగంటసేపు ఎగిరి మరల నేలకు దిగినది.

ఇంత జరిగిన పిమ్మట, ఇక పైలటుతో పనియేమని కొందఱును, యంత్రమును నమ్మితిమా చెడితిమని కొందఱును వాదించుట వింతకాదు. ఈ రెండు వాదములును సత్యమునకు దూరములే యని నా నిశ్చితాభిప్రాయము. స్వయంచాలక యంత్రము పైలటు చేతులకు విశ్రాంతి నీయగలదు గాని, అతని మనస్సునకు ఈయజాలదు, ఈయకూడదు కూడ. యంత్రము పెరిగినకొలది పైలటు నేర్వవలసినది పెరుగునే గాని తరుగదు. ఈ సంగతిని గుర్తింపక, యంత్రమున్నది గదా యని శిక్షణపై వ్యయమును తగ్గింపజూచువారు ప్రయాణికుల ప్రాణములతో బేరమాడుచున్నారు.

మొదట యంత్రము చేయు మేలును మనసార అంగీకరింతము. హెలికాప్టరు పైలటునకు పరమశత్రువు మేఘము. నేలయు దిఙ్మండలమును కనుమరుగైనంతనే, చెవిలోపలి అర్ధవృత్తాకార నాళములు మనుష్యుని వంచింప నారంభించును. మెల్లగ మొదలై ఒకేతీరున సాగు ఒరుగుడును అవి పసిగట్టజాలవు. దానిని సరిదిద్దినచో, ఇప్పుడు ఎదుటిదిక్కునకు ఒరుగుచున్నామని అబద్ధము చెప్పును. పైలటు దేహమును నమ్మి సరియైన స్థితినుండి తప్పుస్థితికి యంత్రమును త్రిప్పుకొనును. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు, పరికరములను మాత్రమే చూచుకొని ఎగురుట అభ్యసింపని 20 మందిని ఒక చిన్న రెక్కల విమానమున బయటిచూపు లేకుండజేసి పరీక్షింపగా, వారు సగటున 178 సెకండ్లకే అదుపు కోల్పోయిరి. మూడు నిమిషములైనను నిండలేదు! స్వతస్సిద్ధముగ నిలకడలేని హెలికాప్టరులో ఆ గడువును అంతకంటె ఎక్కువగ ఆశింపజాలము. ఆటోపైలటునకు చెవి లేదు, భ్రమ లేదు, భయము లేదు; మేఘములో సైతము అది సమస్థితిని నిలుపును. ఆ కొన్ని నిమిషములలో పైలటు తన బుద్ధిని కూడదీసికొని వెనుదిరుగు ఉపాయమును చూచుకొనగలడు. ఇది చిన్న మేలు కాదు.

అయినను ఆ మేలునకు మేర యున్నది. 2021 డిసెంబరు 8న నీలగిరులలో కూనూరు సమీపమున మన త్రివిధదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ గారు, వారి సతీమణి, మన చిత్తూరు జిల్లా సైనికుడొకడు మొదలుగ 14 మందిని బలిగొన్న ప్రమాదమును స్మరింపుడు. అది ఆధునిక పరికరములు గల ఎం.ఐ.-17 వి5. యంత్రలోపము గాని ద్రోహము గాని కారణము కాదనియు, లోయలో వాతావరణము అనుకోనిరీతి మారుటచే మేఘములలో చొచ్చి, పైలటునకు దిగ్భ్రమ కలిగి హెలికాప్టరు నేలను తాకెననియు త్రివిధదళముల విచారణ తేల్చినది. సమస్థితిని నిలుపు యంత్రము కొండ యెదుటికి సైతము అంతే సమముగ తీసికొనిపోవును; ఆ దారిని విడువుమని చెప్పవలసినవాడు మనుష్యుడు. ఎప్పుడు వెనుదిరుగవలెను, అసలు బయలుదేరవలెనా అను నిర్ణయము ఏ మీటలోను లేదు.

యంత్రముపై మనస్సు నానిన పైలటునకు ఏమి సంభవించునో తెలిపెడు ఉదాహరణము ఉత్తరసముద్రమున కలదు. 2013 ఆగష్టు 23న 16 మంది చమురుబావుల ఉద్యోగులతోను ఇరువురు పైలటులతోను ఒక సూపర్ ప్యూమా హెలికాప్టరు షెట్లండు దీవులలోని సంబరో విమానాశ్రయమునకు దిగవచ్చుచుండెను. మేఘములు తక్కువ ఎత్తున క్రమ్ముకొనియుండెను. ఆటోపైలటు మూడక్షముల పద్ధతిలో, నిర్ణీతమైన దిగుడువేగమును నిలుపుకొనుమని ఆజ్ఞ పొందియుండెను. ముందునకు సాగు వేగమును మాత్రము పైలటు తన చేతితో కలెక్టివ్‌ను కదపుచు కాపాడుకొనవలసియుండెను. ఆ పనిభాగము ఎవరికి చెందినదో యంత్రమునకు స్పష్టముగ తెలియును. మనుష్యుని అవధానమునుండి అది జారినది. శక్తి చాలక హెలికాప్టరు వేగముగ దిగబోవగా, దిగుడువేగమును నిలుపుటకై ఆటోపైలటు ముక్కును ఎత్తెను. ముక్కు ఎత్తినకొలది ముందువేగము తగ్గెను. తగ్గినకొలది మరింత ఎత్తెను. ఆ వేగము మిక్కిలి పడిపోవువఱకు ఎవరును గమనింపలేదు. గమనించి సవరింపబోవునప్పటికి ఎత్తు మిగులలేదు. హెలికాప్టరు సముద్రముపై పడి తలక్రిందులాయెను. నలుగురు ప్రయాణికులు మరణించిరి. యంత్రము చెడలేదు. చెప్పినదానిని చెప్పినట్లు చివరిక్షణము వఱకు చేసినది. పైలటులు పరికరములను తగిన శ్రద్ధతో గమనింపలేదని 2016లో వెలువడిన బ్రిటిష్ దర్యాప్తు నివేదిక తేల్చినది.

ఆ పైలటులను నిందించి ఊరకుండుట సులభము. కాని నివేదిక తెలుపు దోషము మానవస్వభావమునందలిది. లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అను విదుషి 1983లోనే ఒక ప్రసిద్ధవ్యాసమున ఈ మర్మమును వెల్లడించెను: యంత్రమునకు సులభమైన పనులను యంత్రమున కప్పగించి, కష్టమైనవానిని మనుష్యునకు మిగిల్చుదుము, దినమంతయు చేయిపెట్టనీయక, పరిస్థితి చేయిజారు గడియలోనే అతని చేతికి పగ్గము నిత్తుము, అంతేకాక, మనుష్యునకు సహజముగ చేతకాని పనియగు నిర్వ్యాపారముగ కూర్చుండి చూచుచుండుటను అతని ప్రధానధర్మముగ చేయుదుము. పూర్వము సంతనుండి రాత్రివేళ మరలు బండివాడు ఎద్దులకు దారి తెలియునుగదా యని కన్నుమూయుచుండెను. ఎద్దులకు దారి తెలియును నిజమే, వాగు పొంగి కాలిబాట కొట్టుకొనిపోయిన సంగతి వానికి తెలియదు. ఆటోపైలటు మీద కన్నుమూసిన పైలటు స్థితియు అట్టిదే.

తెలుగువారమైన మనకు ఈ అవధానవిషయము మరువరాని దుఃఖముతో ముడివడియున్నది. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరునకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట వద్ద కూలి, అప్పటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి గారితో కూడ అయిదుగురు అసువులు బాసిరి. ఆర్.కె. త్యాగి అధ్యక్షతన జరిగిన విచారణ, తీవ్రమైన మేఘములలో బలీయమైన అధోవాయుప్రవాహమున చిక్కి హెలికాప్టరు అదుపు తప్పెనని నిర్ణయించినది. ఆ విచారణలోనే మఱియొక సంగతి బయటపడినది: ట్రాన్స్‌మిషన్ నూనెకు సంబంధించిన ఒక హెచ్చరికను పరిష్కరించుటకై పైలటులిరువురు చివరి నిమిషములలో కొంతసేపు పుస్తకమును తిరుగవేయుటలో నిమగ్నులైయుండిరి. వారి అనుభవమును శంకించుటకు నేనిది చెప్పుటలేదు. దీపము వెలిగించి హెచ్చరించుట యంత్రము వంతు. ఆ దీపమునకు ఎంత మనస్సు నీయవలెను, ఎదుటి మేఘమునకు ఎంత ఈయవలెను అను తూకము మనుష్యుని వంతు. యంత్రములు పెరిగినకొలది దీపములును తెరలును పెరుగుచున్నవి; ఆ తూకపు విద్యయే రాబోవు పైలటునకు ప్రథమవిద్య.

ఇందులో ఒక అన్యాయమును సైతము గమనింపవలెను. యంత్రసహాయము ఎచట అత్యవసరమో అచటనే అది తక్కువగా నున్నది. సముద్రముపై చమురుబావులకు పోవు పెద్ద హెలికాప్టరులకు రెండు యింజనులు, ఇద్దరు పైలటులు, నాలుగక్షముల ఆటోపైలటు ఉండగా, సుమారు 11,700 అడుగుల ఎత్తునగల కేదారనాథమునకు యాత్రికులను మోయునవి ఎక్కువగ ఒంటి యింజను, ఒంటి పైలటు గల చిన్న హెలికాప్టరులు. ఇరుకులోయలో కంటిచూపు మీదనే ఎగురవలసినవి. ఒక్కొక్కదినమున పలుమార్లు తిరుగు ఆ చోట పైలటు అలసట ఊహింపదగినదే. 2025 జూన్ 15న గౌరీకుండ్ సమీపమున అట్టి బెల్ 407 ఒకటి కూలి ఏడుగురు మరణించిరి. మన తెలుగునాటినుండి ఏటేటా వేలకొలది భక్తులు ఆ యాత్రకు పోవుదురు. వారి టికెట్టు ధరను గూర్చి జరిగినంత చర్చ, ఎక్కబోవు యంత్రమున స్థితిని నిలుపు ఉపకరణము కలదా, పైలటు మేఘములో చిక్కినచో బయటపడు అభ్యాసము పొందెనా అను విషయమున జరుగలేదు.

కావున కర్తవ్యము స్పష్టము. చిన్న హెలికాప్టరులకును స్థిరత్వమును నిలుపు యంత్రములను అమర్చుటకు పౌరవిమానయాన సంచాలకమండలి గడువు నిర్ణయించి నిర్బంధింపవలయును. కొండదారులలో ప్రయాణికులను మోయువానికి ముందుగ. యంత్రమును అమర్చి చేతులు దులుపుకొనుట చాలదు. ఏ మీట నొక్కిన ఏ పని యంత్రముదో, ఏ పని తనదో పైలటు నిద్రలో లేపి అడిగినను చెప్పగలుగునట్లు నేర్పవలెను. ఆటోపైలటును తీసివేసి కేవలము చేతులతో ఎగురు గంటలను ప్రతిమాసమును తప్పనిసరి చేయవలెను. యింజను ఆగినప్పుడు కలెక్టివ్‌ను క్షణములలో దింపి, పైకెగయు గాలిచే రోటరును తిరుగనిచ్చుచు దిగు ఆటోరొటేషన్ విద్య చేతికి మరపు రానీయరాదు. దానికి ఆలోచించుకొను అవకాశము లేదు, అలవాటే శరణ్యము. ఇట్టి అభ్యాసమునకు ప్రాణహాని లేని స్థానము సిమ్యులేటరు. బెంగుళూరులో హెచ్.ఎ.ఎల్. సంస్థ కెనడా సంస్థయగు సి.ఎ.ఇ.తో కలిసి స్థాపించిన హెలికాప్టరు శిక్షణాలయము కలదు. ఆ విద్య ఒక కేంద్రమునకు, పెద్ద సంస్థల పైలటులకు పరిమితము కాక, చిన్న సంస్థల పైలటులకు సైతము అందుబాటులోనికి రావలెను. దాని ఖర్చును ప్రభుత్వము కొంత భరించినను అది దుబారా కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పైలటు వాక్కునకు విలువ. వాతావరణము బాగులేదు, నేను ఎగురను అని పైలటు పలికిననాడు, కూర్చున్నవారు మంత్రులైనను, ధనికులైనను, మ్రొక్కు తీర్చుకొనబోవు భక్తులైనను, ఆ మాట తుదిమాట కావలెను. ఆ మాటవలన అతని ఉద్యోగమునకు ముప్పు రారాదు. ఎంత నేర్పుగల యంత్రమైనను యజమాని యాజ్ఞను కాదనలేదు. కాదనగలవాడు మనుష్యుడొక్కడే, ఆ శక్తియే మనము అతనిని కాక్‌పిట్‌లో కూర్చుండబెట్టుటకు ముఖ్యకారణము.

స్వయంచాలక యంత్రములు రావలెను, ఇంకను మెఱుగుపడవలెను. వానివలన నిలిచిన ప్రాణములు అనేకములు. అయినను వానిని కొనుటకు వెచ్చించు ప్రతి రూపాయికి తోడుగ, వానితో కలిసి పనిచేయు మనుష్యునకు నేర్పుటకు మఱియొక రూపాయి వెచ్చింపని సంస్థకు ఎగురు అనుమతి ఈయరాదు. ప్రభుత్వములు దీనిని శాసనముగ చేయునంతవఱకు, పాఠకులారా, హెలికాప్టరు ఎక్కబోవు ప్రతివారును ముందుగ ఒక ప్రశ్న అడుగుడు: ఈ పైలటు, యంత్రము సహాయపడని గడియకొఱకు ఎప్పుడు, ఎచట శిక్షణ పొందెను? సమాధానము చెప్పలేని సంస్థ హెలికాప్టరును ఎక్కకుడు.