దోషసూచనను చదువుటయు విద్యయే

కంప్యూటర్ విద్య నభ్యసించే మన విద్యార్థులు యూనిక్స్ ఆజ్ఞలను ఎక్కముల వలె వల్లె వేస్తున్నారు. పరీక్షలో నెగ్గుటకు అది చాలవచ్చును. డిస్కు చెడిన నాడు సర్వరును కాపాడుటకు వివేచన కూడ కావలెను. ఇందుకొక ఉదాహరణము చూపెదను.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2002లో విడుదల చేసిన సోలారిస్ 9లో ‘సోలారిస్ వాల్యూమ్ మేనేజర్’ అంతర్భాగమైనది. ఒకే సమాచారమును రెండు డిస్కులపై వ్రాసి, ఒకటి చెడినను రెండవదానితో పని సాగించే ఏర్పాటు అందులో కలదు. దీనికి ‘మిర్రర్’ అని పేరు. వాటి స్థితిని ‘మెటాస్టాట్’ అనే ఆజ్ఞ తెలుపును.

ఒక భాగము చెడినప్పుడు దాని చెంత ‘నీడ్స్ మెయింటెనెన్స్’ అని కనబడును. పిమ్మట రెండవ భాగములోను దోషము తలెత్తినచో, వేరొక ప్రతి లేదు గనుక వ్యవస్థ దానిని విడువదు. ‘లాస్ట్ ఎర్డ్’ అని గుర్తించి, చేతనైనంత వరకు దానితోనే నెట్టుకొని వచ్చును. తొందరపడి ఈ రెండవదానినే ముందుగా ఊడదీసినవాడు ఉన్న ఒక్క ప్రతిని చేజేతులా పోగొట్టుకొనును. మొదట చెడినదానిని ముందు మార్చి, ‘మెటారీప్లేస్’తో సమాచారమును దానిపైకి చేర్చి, ఆ తరువాతనే రెండవదాని జోలికి పోవలెను. అప్పటికిని సమాచారము సరిగా ఉన్నదో లేదో పరీక్షింపక తప్పదు.

వాల్యూముల వివరములను భద్రపరచే ‘స్టేట్ డేటాబేస్’ సంగతియు ఇట్టిదే. దాని ప్రతులలో సగము మిగిలినను, నడుస్తున్న సర్వరు ఆగదు. కాని ఆపి మరల ప్రారంభించినప్పుడు సగము కంటె ఒకటైనను ఎక్కువ ఉండవలెను. ప్రతులను రెండు డిస్కులకు సమముగా పంచినచోట ఒక డిస్కు పోగానే మిగులునది సగమే. చెడిన ప్రతులను ‘మెటాడీబీ’తో ముందుగా తొలగింపక యంత్రమును ఆపినచో, అది మామూలు స్థితికి రాదు.

‘ఆజ్ఞలు తెలియనిదే చికిత్స ఎట్లు?’ అని కొందరడుగవచ్చును. నిజమే. కాని నాడి చూడనివానికి మందుల పేర్లెన్ని తెలిసి ఏమి ప్రయోజనము? పైగా ఆజ్ఞలు మారిపోవును. 2011లో వెలువడిన సోలారిస్ 11 నాటికి జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రధాన ఫైలు వ్యవస్థయైనది. ముందు స్థితి తెలుసుకొనుట, మంచి ప్రతి ఏదో తేల్చుకొనుట, ఆ పిదపనే చేయి పెట్టుట అనే క్రమము మాత్రము మారలేదు.

జంట డిస్కులున్నవని నిశ్చింతగా ఉండుటయు తగదు. పొరపాటున చెరిపిన ఫైలు రెండింటి నుండియు ఒక్కసారే పోవును. వేరుచోట దాచిన బ్యాకప్ ఒక్కటే అప్పుడు దిక్కు.

కావున ప్రయోగ పరీక్షలలో చక్కగా పనిచేయు యంత్రముతో పాటు చెడిన వాల్యూమునొకదానిని విద్యార్థి ముందుంచవలెను. అతడు మొదట ఏమి చదివెను, దేనిని తాకక విడిచెను అనుదానికి కూడ మార్కులు వేయవలెను. రేపు ఏ కార్యాలయములోనో వేలమంది లెక్కలు, జీవితాలు ఆ డిస్కులపై ఆధారపడి ఉండును గదా!