ఊరెళ్తే చిలుకను ఎవరికి అప్పగించాలి?

సంక్రాంతి వస్తోందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో తాళం చెవులు చేతులు మారతాయి. తులసికోటకు నీళ్లు పోసే పని పక్కింటివారిది, పాలవాడికి చెప్పే పని వాచ్‌మన్‌ది. కుక్క ఉంటే డబ్బు తీసుకుని చూసుకునేవారు దొరుకుతారు. చిక్కంతా పంజరంలో చిలుక ఉన్న ఇంటికే. గింజలు, నీళ్లు పెట్టడానికి ఎవరైనా చాలనుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

2023 సెప్టెంబరులో జూబ్లీహిల్స్‌లో ఓ వ్యాపారి పెంచుకుంటున్న ఆస్ట్రేలియా గాలా కాకాటూ మేత పెడుతుండగా ఎగిరిపోయింది. దాని ఖరీదు లక్ష రూపాయల పైమాటే. పోలీసులు ఒక్కరోజులో వెతికి తెచ్చేసరికే అది అమ్మకానికి వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కింది. అంతకు ముందు ఏడాది కర్ణాటకలోని తుమకూరులో తప్పిపోయిన ఆఫ్రికన్ గ్రే చిలుక కోసం ఓ కుటుంబం రూ. 50 వేల బహుమానం ప్రకటించి, దొరికాక రూ. 85 వేలు ఇచ్చింది. సొంతవాళ్లు దగ్గరుండి చూసుకుంటున్న పక్షులే ఇలా చేజారితే, కొత్త మనిషి చేతిలో పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలి?

మన ఇళ్లలో పంజరం తలుపు తీసేముందు ఆపాల్సింది సీలింగ్ ఫ్యాన్. ఆ తర్వాత చూడాల్సింది బాల్కనీ తలుపు. పండగ రోజుల్లో ఆకాశం నిండా మాంజా ఉంటుంది కాబట్టి ఎగిరిపోయిన చిలుక క్షేమంగా తిరిగి రావడం కష్టం. మాడిపోయిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగ మనుషులకు ఇబ్బందే, చిలుకలకైతే ప్రాణాంతకం. పైగా చిలుక జబ్బును దాచుకుంటుంది. డీలా పడి కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. అందుకే అనుభవం ఉన్నవారు రోజూ గ్రాముల్లో బరువు తూస్తారు, రెట్ట రంగు చూస్తారు.

పెట్ సిట్టర్‌ను పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు. ‘సాయంత్రం గింజల గిన్నె నిండుగానే కనిపిస్తే ఏం చేస్తారు?’ పెంపకం తెలిసినవారు ఊది చూస్తామంటారు. చిలుక గింజ తిని పొట్టును గిన్నెలోనే వదులుతుంది. నిండుగా ఉందని వదిలేస్తే పక్షి పస్తే.

అయితే సిట్టర్‌ను ప్రశ్నించే ముందు యజమాని తనను తాను అడగాల్సింది ఒకటుంది. అసలు ఈ పక్షికి కాగితాలున్నాయా?

రామచిలుకకైతే ఆ ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పంజరంలో పెట్టడం నేరం. జోస్యం చెప్పేవాళ్ల దగ్గరున్న చిలుకకూ మినహాయింపు లేదు. నమ్మకం మీద పది రోజులు తమ ఇంట్లో ఉంచుకున్న పక్కింటివారూ ఇరుకున పడొచ్చు.

విదేశీ చిలుకల లెక్క వేరు. 2020 జూన్‌లో కేంద్రం స్వచ్ఛందంగా వివరాలు వెల్లడించే అవకాశం ఇచ్చింది. 2022 చట్ట సవరణ తర్వాత, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలతో సైట్స్ ఒప్పందం జాబితాలోని పక్షులను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయడం తప్పనిసరైంది. ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి ఆ ఒప్పందంలోని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. మనవాళ్లు ‘లవ్ బర్డ్స్’ అని పిలిచే బడ్జీలు, కాకటీల్‌లు మాత్రం ఆ జాబితాలో లేవు.

దీనికీ సిట్టర్‌కూ సంబంధం ఏమిటంటే, నమోదు లేని ఖరీదైన చిలుకను ఒకరికి అప్పగించి వెళ్లిన యజమాని, తిరిగొచ్చాక ‘ఎగిరిపోయింది’ అన్న జవాబు వింటే పోలీస్ స్టేషన్ మెట్లెక్కడానికి తానే జంకుతాడు. ఆ సంగతి అవతలివారికీ తెలుసు. నమ్మకం ఒకవైపే నడిచే వ్యవహారం అవుతుంది.

సిట్టర్లపై నిఘా ఉందా అంటే, 2018 పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు అమ్మకాల గురించి మాట్లాడతాయి. ఇంటికొచ్చి గింజలు పెట్టే మనిషి వాటి పరిధిలోకి రాడు. కాబట్టి యాప్‌లో కనిపించే నక్షత్రాల కంటే, పక్షులకు వైద్యం చేసే డాక్టరు చెప్పే పేరే నయం. అలాంటి డాక్టర్లు నగరాల్లోనూ కొద్దిమందే. పక్షికి అత్యవసరమైతే చికిత్స చేయడానికి అనుమతిస్తూ ఓ సంతకం చేసిన ఉత్తరం, కొంత అడ్వాన్సు, నమోదు పత్రం నకలు ఆ క్లినిక్‌లో ముందే ఇచ్చి వెళ్లాలి. ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక రాత్రి చిలుకను సిట్టర్‌కు వదిలి చూడాలి. మర్నాడు అది మామూలుగా తినకపోతే, ఇంకొకరిని వెతుక్కోవడానికి అప్పటికింకా టైం ఉంటుంది.