విధి కాదు, తుప్పు

"బ్రేకులు ఫెయిలై" అనే రెండు మాటలతో మన దగ్గర ప్రమాద వార్త మొదలవుతుంది, విచారణ ముగుస్తుంది. ఎందుకు ఫెయిలయ్యాయని రాసేవాడు అడగడు, చదివేవాడూ అడగడు. పిడుగు పడింది అన్నంత సహజంగా బ్రేకులు ఫెయిలయ్యాయి అనేస్తాం. ఇక మిగిలింది చుట్టాల వంతు. పోయినవాడికి ఆయువు తీరింది. బతికినవాడికి భూమ్మీద ఇంకా నూకలున్నాయి. ఏది జరిగినా సిద్ధాంతమే గెలుస్తుంది. అలాంటి సిద్ధాంతాల గురించి హేతువాదులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

నన్ను ఇది రాయించింది మా నాన్నగారి కారు. 2007లో కొన్న చిన్న పెట్రోలు కారు. మా ఇల్లు విశాఖలో, సముద్రానికి దగ్గర. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలు, గేటు, ఏసీ బయటి పెట్టె అన్నీ తుప్పు పడతాయి. సంక్రాంతికి ముందు గేటుకీ ఊచలకీ రంగు వేయిస్తాం, కంటికి కనిపిస్తాయి కాబట్టి. కారు కొన్నరోజున కొండ మీది గుడికి తీసుకెళ్ళి పూజ చేయించారు. పసుపు, కుంకుమ, బానెట్ మీద స్వస్తిక్, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఆ తర్వాత ప్రతి దసరాకీ అదే తంతు. పదహారేళ్ళలో అరవై పైచిలుకు నిమ్మకాయలు నలిగాయి. నిమ్మకాయ పెట్టడానికి వంగినవాళ్ళెవరూ ఇంకో అరడుగు లోపలికి తొంగి చూడలేదు. నేనూ చూడలేదు. నిమ్మకాయల్ని చూసి నవ్వడంతోనే నా హేతువాదం అయిపోయింది.

2023లో ఆ కారులోనే ఒక ఘాట్ రోడ్డు దిగుతున్నాం. మలుపులో ఆవు అడ్డొచ్చింది. నాన్నగారు బ్రేకు గట్టిగా తొక్కారు. టప్పున ఏదో తెగినట్టయి పెడల్ దాదాపు నేలదాకా పోయింది. కారు ఆగలేదు, అలాగని పూర్తిగా వదిలెయ్యనూ లేదు. ఆయన గేరు తగ్గించారు, నేను హ్యాండ్‌బ్రేకు లాగాను, పిట్టగోడకి రాసుకుంటూ పోయి ఆగాం. ఆవు తాపీగా వెళ్ళిపోయింది. వెనక సీట్లోంచి మా మేనత్త మొదటి మాట: "చూశావురా, నువ్వు నవ్వే ఆ నిమ్మకాయలే కాపాడాయి." నాన్నగారి మాట వేరు: "సరిగ్గా ఆ టైములోనే ఫెయిలవ్వాలా? విధి అంటే అదే."

అత్త మాటకి జవాబు తేలిక. నాన్నగారి మాట దగ్గరే ఆగాలి. "సరిగ్గా ఆ టైములోనే" అన్నదాంట్లోనే విధివాదం బలమంతా ఉంది. వేల సార్లు తొక్కిన బ్రేకు, ప్రాణం మీదికొచ్చిన ఆ ఒక్కసారే ఎందుకు పోవాలి? ఎవరో గురి చూసి కొట్టినట్టు లేదూ?

లేదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి బ్రేక్ ఆయిల్ ద్వారా సన్నని గొట్టాల్లోంచి చక్రాల దగ్గరికి వెళుతుంది. పాస్కల్ సూత్రం, హైస్కూల్లో చదివిందే. సాధారణంగా ఆ గొట్టం ఉక్కుది, బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు, గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. కొత్త గొట్టం మామూలు అవసరానికి ఎన్నో రెట్ల ఒత్తిడి తట్టుకుంటుంది. తుప్పు ముందు తినేది ఆ అదనపు బలాన్నే. గోడ సగమైతే లోహం మీద భారం రెట్టింపవుతుంది. అయినా గొట్టం ఓర్చుకుంటుంది, పెడల్ ఎప్పట్లాగే ఉంటుంది, బండి ఎప్పట్లాగే ఆగుతుంది. చివరికి గోడ ఎంత పలచబడుతుందంటే, మెల్లగా తొక్కితే నిలుస్తుంది, గట్టిగా తొక్కితే పగులుతుంది. మనిషి గట్టిగా తొక్కేది ఎప్పుడు? ఆవు అడ్డొచ్చినప్పుడు. పిల్లాడు పరిగెత్తుకొచ్చినప్పుడు. అంటే "సరిగ్గా ఆ టైములోనే" పోవడంలో వింతేమీ లేదు. ఒత్తిడి తారస్థాయికి చేరేది ఆ క్షణంలోనే కాబట్టి, పోయేదీ చాలావరకు ఆ క్షణంలోనే. రాసిపెట్టింది బ్రహ్మ కాదు, చిక్కిపోయిన గొట్టం.

మరి మమ్మల్ని కాపాడిందేమిటి? ఇప్పటి కార్లలో బ్రేకుల వ్యవస్థ రెండు భాగాలుగా ఉంటుంది. మా కారులో ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూలనున్న వెనక చక్రం ఒక జట్టు. మిగతా రెండూ ఇంకో జట్టు. ఒక గొట్టం పగిలితే ఒక జట్టే పోతుంది. హ్యాండ్‌బ్రేకుకి ఈ ఆయిల్‌తో పనే లేదు, వెనక చక్రాలని తీగతో లాగుతుంది. గొట్టం ఏదో ఒకరోజు పగులుతుందని ముందే అనుమానించిన ఇంజనీర్లు చేసిన ఏర్పాటిది. మా నలుగురి ప్రాణాలు నిలబెట్టింది వాళ్ళ అనుమానం. దాని ఖ్యాతి నిమ్మకాయకి దక్కింది. (నిమ్మకాయకీ తుప్పుకీ నిజంగానే ఒక సంబంధం ఉంది. నిమ్మరసంలోని సిట్రిక్ యాసిడ్ తుప్పుని కరిగిస్తుంది. కాకపోతే దాన్ని తుప్పు మీద పిండాలి, టైరు కింద నలపడం కాదు.)

షెడ్డులో కారు పైకెత్తించి చూశాను. వెనక్కి వెళ్ళే గొట్టం ఒక క్లిప్పు దగ్గర పగిలింది. అక్కడే ఎందుకంటే, క్లిప్పుకీ గొట్టానికీ మధ్య బురద చేరుతుంది, బురద తడి పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తడిని ఆరనివ్వదు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు, ఉప్పు కలిస్తే ఇంకా వేగం. క్లిప్పు తీస్తే గొట్టం పొరలు పొరలుగా ఊడింది. ఇది ఒక రాత్రిలో జరిగింది కాదు, ఏళ్ళు పట్టిన పని. చూసుంటే కనిపించేది.

ఇంకోటి చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. అంతకుముందు ఏడాదిలో మెకానిక్ రెండు మూడు సార్లు "సార్, బ్రేక్ ఆయిల్ కొంచెం తగ్గింది, పోశాను" అన్నాడు. బ్రేక్ ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ప్యాడ్లు అరిగితే మట్టం కాస్త దిగుతుంది. అలా కాకుండా పోసినకొద్దీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. పోశాను అని అతనన్నాడు, సరే అని నేనన్నాను. ఎక్కడికి పోతోంది అన్న ఒక్క ప్రశ్న ఇద్దరం అడగలేదు. అదృశ్య శక్తులు లేవని వాదించేవాడికి ఆయిల్ అదృశ్యమైతే అనుమానం రాలేదు!

డబ్ల్యూ.కె. క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త 1877లో విశ్వాసాల నైతికత మీద రాసిన వ్యాసంలో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతు కావాలని అతనికి అనుమానం. కానీ ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసింది కదా, దేవుడున్నాడు కదా అని మనసుకి నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది. అతని నమ్మకం నిజాయితీగా ఉండొచ్చు, అయినా దోషి, ఎందుకంటే చూడాల్సింది చూడకుండా నమ్మాడు అంటాడు క్లిఫర్డ్. ఓడ క్షేమంగా చేరినా దోషం తగ్గదట. ఇంట్లో పాత కారు ఉన్న ప్రతివాడూ ఆ ఓడ యజమానే. మేం పిట్టగోడ దగ్గర ఆగినంత మాత్రాన నేను నిర్దోషిని కాలేదు.

ఇక ప్రభుత్వం వారి పూజ ఒకటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి. ఆ పదిహేనేళ్ళూ పొగ సర్టిఫికెట్ తప్ప కారు కింద ఏముందో చూపించమని చట్టం అడగదు. పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళకి పొడిగిస్తారు. మా కారు 2022లో ఆ పరీక్ష నెగ్గింది. మనవాళ్ళు ఆ అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు, పేరులోనే బ్రేకు ఉంది. ఆయన బండి చుట్టూ తిరిగారు, నంబరు చూశారు, హారన్ కొట్టించారు. వంగలేదు. నిమ్మకాయ పెట్టిన పూజారి కనీసం వంగాడు! ఇప్పుడు యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు వస్తున్నాయి, మంచిదే. కానీ రోలర్ల మీద కొలిచేది ఆ రోజు బ్రేకు ఎంత బలంగా పడుతోందన్నదే. ముప్పాతిక గోడ తినేసిన గొట్టం కూడా ఆ పరీక్ష దర్జాగా నెగ్గొచ్చు. దానికి కన్ను కావాలి, టార్చి కావాలి.

ఇంగ్లాండులో మూడేళ్ళు నిండిన కారుకి ఏటా పరీక్ష ఉంటుంది. అందులో గొట్టాల్ని కంటితో చూస్తారు. తుప్పు మరీ ఎక్కువైతే, బ్రేకు బాగానే పడుతున్నా సరే, కారు తప్పినట్టే. అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఇది పెద్ద గొడవే అయింది. 1999 నుంచి 2003 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ పికప్‌లు, పెద్ద కార్ల బ్రేకు గొట్టాల మీద అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఏళ్ళ తరబడి దర్యాప్తు చేసి, 2015లో రీకాల్ లేకుండా ముగించింది. పాత బండ్లకి వచ్చే అరుగుదలే ఇది, యజమానులు అడుగుభాగం కడుక్కోవాలి, గొట్టాలు చూపించుకోవాలి అంది. నాకు ఆ తీర్పు నచ్చలేదు. తుప్పు పట్టని రాగి నికెల్ గొట్టాలు వోల్వో 1970లలోనే వాడింది, కాబట్టి కంపెనీలు చేతులు దులుపుకోవడం కుదరదు. కానీ ఒకటి గమనించండి. అక్కడ తగువు కంపెనీదా యజమానిదా అన్నది. గ్రహాలది అని ఎవరూ వాదించలేదు.

2019లో ఫ్రాన్సులో మన రక్షణమంత్రి రఫేల్ విమానం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినప్పుడు మనమంతా నవ్వాం, కోప్పడ్డాం. అయితే ఆ విమానాన్ని ఏ వైమానిక దళమూ నిమ్మకాయ మీద నమ్మకంతో ఎగరెయ్యదు. ఎగిరిన ప్రతి గంటకీ లెక్క ఉంటుంది, విప్పి చూసే తేదీ ఉంటుంది. అక్కడ నిమ్మకాయ అలంకారం. మన ఇళ్ళలో మాత్రం పరీక్ష ఉండాల్సిన చోట అదే కూర్చుంది. నాలాంటివాళ్ళ ఇళ్ళలో నిమ్మకాయ లేదు, పరీక్షా లేదు. ఆ ఖాళీకి హేతువాదం అని పేరు పెట్టుకోకూడదు.

"మెకానిక్ చూసుకుంటాడు" అనేవాళ్ళని ఒకటి అడుగుతాను. చూడమని ఎప్పుడైనా చెప్పారా? సర్వీసు అంటే ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, వాటర్ వాష్. పైకెత్తించి, క్లిప్పుల దగ్గర బురద తీయించి, ఇనప బ్రష్‌తో గీకి చూడమనండి. పైపైన గోధుమ రంగు పొడి రాలి కింద గట్టి లోహం కనిపిస్తే కొంత కాలం ఆగొచ్చు. గొట్టం ఉబ్బి పెచ్చులూడితే మార్చాల్సిందే. పగిలినచోట రబ్బరు ముక్క తొడిగిస్తానన్నా, ఆ లైను నొక్కి మూసేస్తానన్నా ఒప్పుకోవద్దు. మాకు మొదట వచ్చిన సలహా అదే. మీరే చూడదలిస్తే ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి మాత్రం దూరకండి.

మా కారుకి అన్ని గొట్టాలూ మార్పించాం. పగిలిన ముక్క తెచ్చి టీవీ పక్కన పెట్టాను. పోయిన దసరాకి అత్త నిమ్మకాయలు తెచ్చింది, నేను వద్దనలేదు. ముందు టార్చి తీసుకుని నాన్నగారితో కారు కింద చూపించాను. వెనక ఎడమ చక్రం దగ్గర క్లిప్పులో అప్పుడే బురద చేరింది. ఆయనే గీకారు.