తిమోరు అప్పగింతలు

2025వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీని కౌలాలంపూరు నగరమున ఆగ్నేయాసియా రాజ్యకూటమి తూర్పు తిమోరును తన పదునొకండవ సభ్యరాజ్యముగా స్వీకరించినది. మన గుంటూరు జిల్లా జనసంఖ్యకైనను సరిరాని ఈ చిన్న దేశము, తన్ను కబళించిన ఇండోనేషియా ప్రక్కనే సమానాసనమున గూర్చుండుట ఆసియావాసులెల్లరును హర్షింపదగిన విషయము. ఆ సందర్భమున తిమోరు తాము పెంచిన బిడ్డయని చెప్పుకొనువారును బయలుదేరిరి. పెంపకము జరిగినమాట నిజమే. ఎట్లు జరిగినదో విచారించుట యవసరము.

పోర్చుగీసువారు విడిచిపోవుచుండగా 1975 నవంబరు 28న తిమోరు ప్రజానాయకులు స్వాతంత్ర్యమును చాటిరి. తొమ్మిది దినములు గడువకముందే ఇండోనేషియా సేనలు డిలీ పట్టణమున దిగినవి. డచ్చివారితో పోరాడి స్వేచ్ఛ గడించిన జాతియే పొరుగువాని స్వేచ్ఛను హరించుట మనకు మిక్కిలి సిగ్గు గలిగించు ఘట్టము. సేనలను మరల్చుకొమ్మని భద్రతా సమితి డిసెంబరు 22ననే తీర్మానించెను. ఆ తీర్మానము 24 ఏండ్లు కాగితముపై పడియుండెను. ఈలోపల తుపాకులవలనను, ఆకలివలనను లక్షమందికి తక్కువగాక మరణించిరని తరువాతి విచారణ సంఘము తేల్చినది. అగ్రరాజ్యములు ఇండోనేషియాకు ఆయుధములమ్మినవి. ఆస్ట్రేలియా 1989లో సముద్రగర్భమునందలి చమురును ఇండోనేషియాతో పంచుకొనుటకు ఒడంబడిక వ్రాసుకొన్నది. కావున ఆ తరువాత తిమోరునకు జరిగిన సాయము దానము గాదు; పాతబాకీ చెల్లింపు మాత్రమే.

ఆ చెల్లింపైనను సరిగా మొదలు కాలేదు. 1999 మే 5వ తేదీ ఒప్పందముచే ప్రజాభిప్రాయ సేకరణము ఐక్యరాజ్యసమితి వంతును, శాంతిభద్రతలు ఇండోనేషియా వంతును అయినవి. చేను మేయు కంచెకే చేనప్పగించుట యనగా నిదియే! అయినను ఆగస్టు 30న నూటికి 98 మంది యోటర్లు వచ్చిరి. వచ్చినవారిలో 78 మందికి పైగా స్వాతంత్ర్యమునే కోరిరి. ఫలితము వెలువడగానే సైనికుల ప్రాపుగల ముఠాలు ఊళ్లకు నిప్పుపెట్టినవి. రెండున్నర లక్షలమంది పడమటి తిమోరునకు తరుమబడిరి. ఆస్ట్రేలియా నాయకత్వమున శాంతిసేన సెప్టెంబరు 20న దిగునప్పటికి దేశములోని కట్టడములలో అధికభాగము బూడిదయైనది.

అక్టోబరులో భద్రతా సమితి తిమోరు పాలనాభారమును తానే వహించినది. శాసనము, పరిపాలనము, న్యాయము, మూడును సెర్జియో వియేరా డి మెల్లో అను ఒక్క అధికారిచేతిలో నుంచబడెను. ఆయన సమర్థుడు, సదుద్దేశము గలవాడు. 2003లో బాగ్దాదునందు విధినిర్వహణలోనే బలియైన త్యాగి. కాని మన వైస్రాయికి సైతము కార్యాలోచన సభ యొకటి యుండెను గదా! కాలిన యిండ్లముందు జనులు నిలువుగుడ్లతో నిలిచియుండ, విదేశీయోద్యోగులు రేవులో లంగరువేసిన హోటలునావలో బసచేసిరి. 2000 జూలైలో గాని నలుగురు తిమోరువారు మంత్రిమండలిలో జేరలేదు. వారిప్రక్కన విదేశీయులును నలుగురే. ఇక న్యాయస్థానముల స్థితి వేఱు చెప్పవలెనా? పోర్చుగీసు రాజభాషలలో నొకటియైనది. యువకులు చదివినది ఇండోనేషియా భాష. కోర్టు భాష తెలియని కక్షిదారుని యవస్థ మన రైతునకు క్రొత్తగాదు.

2002 మే 20న స్వాతంత్ర్యము వచ్చినది. అదియే తడవుగా వచ్చినవారికి తిరుగు ప్రయాణపు తొందర పుట్టినది. మన యిండ్లలో పిల్లను అప్పగించిన తండ్రియైనను నాలుగుమార్లు వచ్చి క్షేమము కనుగొని పోవును. కొంత సేన నింకను నుంచవలెనను సూచన భద్రతా సమితిలో నెగ్గలేదు. 2005 మే నెలలో శాంతిసేన యుద్యమము ముగిసినది. ఏడాది తిరుగకముందే, తమకు పక్షపాతము జరుగుచున్నదని మొఱపెట్టిన పడమటి జిల్లాల సైనికులు, మొత్తము సేనలో మూడవవంతునకు పైబడినవారు, ఉద్యోగములనుండి తొలగింపబడిరి. సేనయు పోలీసులును ఒకరిపై నొకరు తుపాకు లెత్తిరి. 2006 మే 25న సమితి పతాకము నీడను ఆయుధములు విడిచి నడచుచున్న పోలీసులపై సైనికులు కాల్పులు జరిపి ఎనిమిదిమందిని చంపిరి. లక్షన్నరమంది గుడారముల పాలైరి. ప్రధానమంత్రి అల్కతిరి రాజీనామా నిచ్చెను. విదేశసేనలు మరల వచ్చినవి. ఈమాఱు సమితి యారేండ్లు నిలిచి, 2012 ఎన్నికలు శాంతముగా జరిగిన పిమ్మట డిసెంబరు 31న వెడలిపోయెను.

పరుల యండ జాతిని సోమరిని జేయునని కొందఱందురు. పరపాలన మెఱిగిన మనము ఈ మాటను త్రోసివేయలేము. కాని అధికారము వేఱు, అండ వేఱు. అధికారము మొదటినాడే యీయవలసినది. అండ చివఱివఱకు నిలువవలసినది. తిమోరున సమితి యీ రెంటిని తారుమాఱు గావించెను. పరివర్తనకు తోడ్పడుటకై 2020లో సూడానునకు బోయిన సమితి బృందము, 2023 ఏప్రిలులో సేనాపతుల యుద్ధము రగిలిన పిమ్మట అక్కడి ప్రభుత్వమే పొమ్మనగా ఏడాది చివఱకు తన పని ముగించుకొన్నది. యుద్ధము మాత్రము ముగియలేదు.

నిలిచిన మేలంతయు తిమోరువారి స్వకీయమే. గ్రామములలో పెద్దలు చాపపఱచి కూర్చుండి, ఇండ్లు కాల్చినవానిని బాధితునియెదుట నిలిపి, ఒప్పుకోలును ప్రాయశ్చిత్తమును విధించు నాచారము వారికి తొల్లింటినుండి కలదు. సత్యసంఘము దానినే చేపట్టి 1,300 మందికి పైగా చిన్న నేరస్థులను ఊరిలో కలిపినది. మన రచ్చబండ తీర్పునకు దూరపు చుట్టము! పెద్ద నేరముల మాట యట్లు గాలేదు. సమితి ప్రాసిక్యూటర్లు దాదాపు 400 మందిపై అభియోగములు మోపిరి. వారిలో పెక్కుమంది ఇండోనేషియాలో నిశ్చింతగా నుండిరి. 2005లో ఆ శాఖయే మూయబడెను.

ఇప్పుడు చమురు చిక్కు వచ్చినది. రాజ్యపు బొక్కసమును నింపిన బాయు ఉండాన్ క్షేత్రము 2025లో వట్టిపోయెను. 2005లో నెలకొల్పిన చమురునిధినుండియే యేటేట ఖర్చు నడచుచున్నది. ఇక మిగిలినది గ్రేటర్ సన్‌రైజ్ క్షేత్రము. 2018 ఒడంబడికచే సరిహద్దు తేలినది. వాయువును గొట్టముద్వారా ఆస్ట్రేలియా తీరమునకు కొనిపోవుటయా, తిమోరు తీరమునకా యను తగవు తెగలేదు. తమ తీరమునకే రావలెనని తిమోరువారి పట్టు. ఖర్చెక్కువయని వ్యాపారులు లెక్కలు చూపుచున్నారు. ఆ లెక్కలో 1989 నాటి ఒడంబడిక లాభమును గూడ వ్రాసికొనుమని ఆస్ట్రేలియాకు మా సూచన. డిలీలో రాయబార కార్యాలయము తెఱచుటకు 2023లో నిశ్చయించిన మన ప్రభుత్వము ఈ తగవున చమురు కంపెనీల పక్షమున గాక ఆ దేశముపక్షమున మాటాడవలెను. వైద్యులను, న్యాయాధికారులకు శిక్షణ నీయగలవారిని బంపవలెను. వారు హోటలునావలలో గాక ఊళ్లలో బసచేయుదురు గాక.