మిరపతొట్టి నేర్పు నీటి పాఠము



ఆలూరు, ఆర్మూరు ప్రాంతపు రైతునకు పసుపు సేద్యమును గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది స్వల్పము. తొమ్మిది మాసములు పంటను కాపాడి, కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాదు మార్కెట్టునకు చేర్చు ఓర్పు ఆయనకు కలదు. అట్టి రైతు ఇంట కూరకు వలయు పచ్చిమిరపకాయలు మాత్రము సంతనుండి వచ్చుట మేము పెక్కుచోట్ల చూచితిమి. పెరటిలో నాలుగు మొక్కలు వేయరాదా యని యడిగినచో, "ప్రతిదినము నీళ్ళు పోయువారెవరు?" అని ఇల్లాండ్రు బదులు చెప్పుదురు. ఆ మాట న్యాయమైనదే. కాని దానికొక యుపాయము కలదు.

రెండు బకెట్లు తీసికొని, నడుమ నాలుగంగుళముల ఖాళీ ఉండునట్లు ఒకదానిలో నొకటి దింపవలెను. క్రిందిది నీటికి, పైది మట్టికి. పై బకెట్టు అడుగున సన్నని చిల్లులు పెట్టి, నడుమ పెద్ద రంధ్రము చేసి, అందుండి చిల్లుల గ్లాసు నొకదానిని మట్టితో నింపి నీటిలోనికి దింపవలెను. దీపపు వత్తి నూనెను పైకి లాగునట్లు ఈ మట్టి నీటిని పైకి లాగి వేళ్ళ కందించును. నీరు పోయుటకు ఒక ప్రక్క గొట్టము నిలిపి, దోమలు చేరకుండ దాని మూతికి గుడ్డ కట్టవలెను. నల్లరేగడి మట్టి యొక్కటే పోసిన గట్టిపడును. మాగిన పశువుల యెరువును, కొబ్బరిపొట్టును కలుపవలెను. తొట్టికి ఒక్క మొక్కయే చాలును. పురుగుమందు నిలువచేసిన డబ్బాను ఎన్నిమార్లు కడిగినను దీనికి వాడరాదు.

ఇది కేవలము నేటి వింత కాదు. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దముననే చైనా దేశపు ఫన్ షెంగ్‌జి తన వ్యవసాయ గ్రంథమున, నీటికుండను నేలలో పాతి చుట్టును మొక్కలు పెంచు పద్ధతిని వివరించెను.

ఇక ముఖ్యమైన మాట. పై బకెట్టు అడుగునకు కొంచెము దిగువగా, క్రింది బకెట్టు ప్రక్కన ఒక రంధ్రముండవలెను. ఎక్కువైన నీరు అందుండి పోవును. మేము మొదట చేసిన తొట్టికి దీనిని పెట్టమరచితిమి. ముసురు పట్టి నీరు పైమట్టి వరకు నిలిచెను, ఆకులు వాడెను. దాహమని తలచి మేము ఇంకను నీరు పోసితిమి! మొక్క చచ్చిన పిమ్మట పెరికి చూడగా వేళ్ళు నల్లబడి, మెత్తబడి యుండెను. వేళ్ళకు నీరెంత అవసరమో గాలియు నంత అవసరము. మునిగిన మొక్కయు దప్పిగొన్న మొక్కవలెనే వాడును.

ఈ పొరపాటే మన పసుపు చేలలోను జరుగుచున్నదని మా యభిప్రాయము. మురుగు పోని చేనిలో దుంపకుళ్ళు వ్యాపించును. ఆకులు పచ్చదనము కోల్పోయి యెండుచుండ, నీరు చాలలేదని మరల మోటారు వేయువారు కలరు. 2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. సంతోషమే. కాని కుళ్ళిన దుంపకు ఏ బోర్డును ధర కట్టజాలదు.

"ఇది పట్టణవాసుల వినోదము, నాలుగు తొట్లతో రైతు బాగుపడునా?" యని కొందరందురు. తొట్టి ఆదాయము నిచ్చునని మేము చెప్పుట లేదు. తీవ్రమైన యెండలలో నీరున్నను మిరపపూత రాలును, నీడపట్టున ఉంచవలసియుండును. అయినను అది ఇంటి కూరకు కాయల నిచ్చును, ఇల్లాలి బిందెల మోతను తగ్గించును, నీటికి కొలత కలదని కన్నులకు చూపును.

కావున ప్రతి సభ్యుడును ఈ యేడు మృగశిర కార్తెకు ఒక్క తొట్టినైన సిద్ధపరచి, ఆ ప్రక్క రంధ్రమును స్వయముగా చేయవలెనని కోరుచున్నాము. పిమ్మట చేనికి పోయి, మురుగుకాలువ పూడియున్నదేమో చూచుకొనుడు.