సాలుంఖే ల్యాబు, దయా తలుపు

సంపాదకులకు,
హిందీ టీవీ సీరియల్ ‘సీఐడీ’ వన్నె తగ్గడానికి నటుల వయసే కారణమన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. ఏసీపీ పాత్రలో శివాజీ సాటమ్ వేళ్లు తిప్పడంలో లోటేమీ లేదు, లోటంతా కథలోనే. 1998లో మొదలైనప్పుడు పోలీసులు చిన్న ఆధారం పట్టుకుని అనుమానితుల చుట్టూ తిరిగేవారు. చూసేవాళ్లూ పక్కనే కూర్చుని లెక్కలు వేసుకునేవారు. 2004లో 111 నిమిషాల ఎపిసోడ్‌ను కట్ లేకుండా ఒకే షాట్‌లో తీసిన బృందమిది! అలాంటిది పోనుపోను ఫోరెన్సిక్ నిపుణుడు సాలుంఖే ల్యాబులో గాజుగొట్టం రంగు మారగానే విషం పేరుతో సహా గుట్టంతా తేలిపోసాగింది. ఇన్‌స్పెక్టర్ దయా తలుపు బద్దలుకొట్టడం, చెంప మీద ఒక్కటివ్వడం, హంతకుడు నేరం ఒప్పేసుకోవడం. ఇక దర్యాప్తుకు పనేముంది?

ఇరవై ఏళ్లు నడిస్తే కథలు అడుగంటవా అనొచ్చు. నిజమే, 2018లో ఆగేనాటికి ఎపిసోడ్లు పదిహేను వందలు దాటాయి. కానీ సరుకు తగ్గుతుంటే ఆచితూచి వాడుకోవాలి గానీ, వారానికొకటిగా వచ్చేదాన్ని రెండు మూడు రోజులకు పెంచడమేమిటి? జనం చూశారుగా అంటారా? మీమ్స్‌లో చూసి నవ్వుకోవడం వేరు, హంతకుడెవరో తేలేదాకా కుర్చీ వదలకపోవడం వేరు. 2024 డిసెంబరులో మళ్లీ వచ్చిన సీరియల్ కూడా ఆ మొదటి రకం చూపునే నమ్ముకున్నట్టుంది.

ఒక పాఠకుడు